ప్లస్ గుర్తు మర్యాద

సోర్సు కోడు దాచుకునే సర్వరులో ఎవరికి ఏ అనుమతి ఇవ్వాలన్నది సాంకేతిక విషయమని నమ్మే అమాయకులు ఈ వృత్తిలో ఇంకా కొందరు మిగిలి ఉన్నారు. కర్నూలులో ఒక చిన్న ఆఫీసుకు ఆరేళ్లుగా సర్వరు కాపలా కాస్తున్న అనుభవంతో, అది పెళ్లి పందిట్లో ముందు వరస కుర్చీల వ్యవహారమని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

మేము వాడేది గిటోలైట్, అంటే కోడులో జరిగిన ప్రతి మార్పునూ గుర్తుంచుకునే గిట్ అనే పనిముట్టుకు గేటు దగ్గర కాపలా కాసే ప్రోగ్రాము. దాన్ని రాసిన సీతారామ్ చామర్తి గారి ఇంటిపేరు తెలుగుదే అయినా, మన ఆఫీసుల్లోని అలకలను ఆయన లెక్కలోకి తీసుకున్నట్టు కనపడదు. ఏర్పాటు మరీ సూటిగా ఉంటుంది: ఒక కాన్ఫిగరేషన్ ఫైలు, అందులో ఒక్కో రిపో (ఒక ప్రాజెక్టు కోడూ దాని చరిత్రా ఉండే అర) పేరు కింద కొన్ని వరసలు. ఆర్ అని ఉంటే చూడవచ్చు. ఆర్‌డబ్ల్యూ అని ఉంటే కొత్త పని చేర్చవచ్చు. దాని పక్కన ప్లస్ కూడా ఉంటే జరిగిన చరిత్రనే వెనక్కి తిప్పవచ్చు. కె.సి. (కర్నూలు-కడప) కాలువ ఆయకట్టు రైతుకు ఇంత వివరణ కూడా అక్కరలేదు. గట్టు మీద నిలబడి నీళ్లు ఎవరైనా చూడవచ్చు, షట్టరు ఎత్తేది లస్కరు, కాలువకు గండి కొట్టే అధికారం మాత్రం ఎవరికీ ఉండదు. ప్లస్ అంటే ఆ గండి.

మొదట్లో నేను ఆ ప్లస్‌ను, రిలీజు పని చూసే ఇద్దరికి మాత్రమే ఇచ్చాను. ఆ సంగతి బయటపడిన సాయంత్రమే, నేను చేరిన నాటి నుంచి ఒక్క కమిట్ (కోడులో నమోదు చేసిన మార్పు) కూడా చేయని మా మేనేజరు గారు నన్ను గదిలోకి పిలిచి, తలుపు దగ్గరికి వేసి, ఎంతో నొచ్చుకుంటూ అడిగారు: "ఏమప్పా, నిన్న గాక మొన్న వచ్చిన పిల్లోనికి ప్లస్ ఉండాదంట, నాకు లేదంట?" ఆ గుర్తు ఏం చేస్తుందో చెప్పబోయాను. "ఏమన్నా చేయనీలేప్పా, నా పేరు పక్కన ఉండల్ల" అన్నారు. ఉంచాను. ఆ వారంలోనే అకౌంట్సు చూసే పెద్దాయనకూ ఉంచాను, ఎందుకంటే ఆయన మేనేజరు గారికంటే రెండేళ్లు సీనియరు.

అయినా వృత్తిధర్మం పూర్తిగా చావలేదు గనుక, ఈ పెద్దల బృందం మాస్టర్ బ్రాంచిని, అంటే అందరి పనీ వచ్చి కలిసే అసలు పాయను, ముట్టరాదని ఒక మైనస్ వరస కూడా రాశాను. రాత విషయంలో గిటోలైట్ వరసలను పైనుంచి కిందికి చదువుతుంది, ముందు ఏ వరస సరిపోతే తీర్పు దానిదే. కాబట్టి మైనస్ ఎగువన ఉండాలి. పెద్దల పేర్లకు నెత్తిన మైనస్ గుర్తు అశుభమని దాన్ని అడుక్కి దింపించారు. గొళ్లెం ఉంది, తలుపు తీశాక దాని దాకా పోయేవారెవరు?

తరువాతి కథ ఊహించడం కష్టం కాదు. మేనేజరు గారి పాత లాప్‌టాప్, అందులోని తాళంచెవితో (సర్వరు మనిషిని గుర్తుపట్టే ఫైలుతో) సహా, ఇంటర్న్‌షిప్‌కు వచ్చిన ఒక అబ్బాయి చేతికి పోయింది. అతను తన పనిని సర్వరుకు పంపుతూ చేసిన పుష్‌ను గిట్ తిరస్కరిస్తే, అతను నెట్‌లో వెతికి, ఫోర్స్ అన్న ఒక్క మాట చేర్చాడు. మాస్టర్ మీద పదకొండు రోజుల పని మాయమైంది. కమిట్ మీద ఉన్నది అబ్బాయి పేరు; కానీ కమిట్ మీద ఎవరి పేరైనా రాసుకోవచ్చు, సర్వరు చూసేది తాళంచెవినే, కనుక సర్వరు చిట్టాలో పడింది మేనేజరు గారి పేరు. ఆయన తొలి సాంకేతిక కృషి అదే. మరొకరి దగ్గర పూర్తి నకలుగా ఉన్న క్లోన్‌లో చరిత్రంతా భద్రంగా ఉండబట్టి రాత్రి తొమ్మిదికల్లా తిరిగి ఎక్కించాను.

ఇక తాళంచెవులు తీసేద్దామంటే, అది కీడిర్ అనే ఫోల్డరులో ఒక ఫైలు చెరిపి, పుష్ చేసేంత పని. కర్నూలుకు 1953 అక్టోబరు 1న ఇచ్చిన రాజధాని హోదాను 1956 నవంబరు 1న హైదరాబాదుకు పట్టుకుపోయారు. అంత పెద్ద ఊరికిచ్చిన అధికారాన్నే మూడేళ్ల ఒక నెలలో తీసుకోగలిగిన చోట, ఉద్యోగం మానేసి బెంగళూరు చేరి నాలుగేళ్లయిన ఒక మనిషి తాళంచెవిని తీయడానికి మాకు మనసొప్పదు. "పోయినోని పేరు తుడిచేస్తే ఏమనుకుంటాడప్పా" అన్నది వాదన. అతనికి ఆ ప్లస్ ఉన్న సంగతి గుర్తుందో లేదో కూడా అనుమానమే.

అందువల్ల నేను కొత్త ఏర్పాటు చేశాను. గౌరవం అనే పేరుతో ఒక ఖాళీ రిపో సృష్టించి, పెద్దలందరికీ, బెంగళూరు మనిషికి కూడా, అందులో ప్లస్ ఇచ్చి, ఆ వరసలను ప్రింటు తీసి నీళ్ల క్యాను పైన గోడకు అంటించాను. అసలు రిపోల్లో ప్లస్ మళ్లీ ఇద్దరికే ఉంది. ఆరు నెలలైంది, ఎవరూ గమనించలేదు. గౌరవంలో ఇంతవరకు ఒక్క కమిట్ కూడా పడలేదు.

నిన్న మాత్రం మేనేజరు గారు ఆ కాగితం ముందు చాలాసేపు నిలబడి, అకౌంట్సు ఆయన పేరు తన పేరుకంటే పై వరసలో ఎందుకుందని అడిగారు.