రాత్రి పదకొండు దాటాక ఈ లైట్లు ఎవరి కోసం?

డల్లాస్ చుట్టుపక్కల మనవాళ్ల వీధుల్లో కొత్త ముచ్చట ఒకటి మొదలైంది. చూరు పొడవునా శాశ్వతంగా బిగించే రంగుల ఎల్‌ఈడీ లైట్లు. ఫోనులో నొక్కితే దీపావళికి ఒక రంగు, క్రిస్మస్‌కు మరొకటి. పండగపూట అందంగానే ఉంటాయి, కాదనను. ప్రమిదైతే నూనె అయిపోగానే కొండెక్కుతుంది. వీటికి ఆ సుగుణం లేదు. ఏ విశేషమూ లేని మంగళవారం రాత్రి రెండింటికి కూడా ఇల్లు ధగధగలాడుతుంటే, లోపల అందరూ కిటికీ తెరలు బిగించుకుని నిద్రపోతుంటారు.

బిల్లు ఎంతో రాదు కదా అంటారు. చిక్కంతా అక్కడే. పాత బల్బుల రోజుల్లో బిల్లుకు భయపడైనా ఆర్పేవాళ్లం. ఎల్‌ఈడీ ఆ భయం పోగొట్టింది, మిగిలిన డబ్బుతో మరో నాలుగు లైట్లు తగిలించాం. సామాన్య ప్రజలు తమ కంటికి ఆనిన చుక్కలను బట్టి పంపిన వేల నమోదులను లెక్కగట్టి, 2011–2022 మధ్య రాత్రి ఆకాశం వెలుతురు ఏటా దాదాపు 9.6 శాతం చొప్పున పెరిగిందని 2023లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. ఆ లెక్కన 250 చుక్కలు కనిపించే ఊళ్లో పుట్టిన బిడ్డకు పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి వంద మిగులుతాయి. పెళ్లిలో పురోహితుడు అరుంధతిని చూపిస్తే, మిట్టమధ్యాహ్నమైనా హాలు కప్పు వైపు తలెత్తి కనబడిందనేస్తాం. రాత్రి బయటికొచ్చి నిజంగా వెతికితే మా వీధిలో వసిష్ఠుడు కనిపిస్తాడు, పక్కన ఆవిడ కనిపించదు.

చుక్కలు పోతే పోనీ అనుకునేవారు పిట్టల సంగతి వినాలి. వసంతంలో అమెరికా మీదుగా వలసపోయే పక్షుల్లో మూడింట ఒక వంతు, శరత్తులో నాలుగింట ఒక వంతు టెక్సస్ మీదుగానే వెళతాయని కార్నెల్ పక్షిశాస్త్ర పరిశోధనశాల అంచనా. వాటిలో ఎక్కువ భాగం ప్రయాణించేది రాత్రిపూటే. వెలుగు వాటిని దారి మళ్లించి కిందికి రప్పిస్తుంది. 2017 మే నెలలో గాల్వెస్టన్‌లో గాలివాన రాత్రి దాదాపు 400 పక్షులు ఒకే ఎత్తైన భవనాన్ని గుద్దుకుని రాలిపోయాయి. బతికినవి మూడు. షికాగోలోని మెక్‌కార్మిక్ ప్లేస్ అనే అద్దాల సమావేశ భవనం దగ్గర 2023 అక్టోబరులో ఒక్క రాత్రే వెయ్యికి దగ్గరగా చనిపోయాయి. మనవి అద్దాల మేడలు కావు, నిజమే. కానీ ఊరి మీద పరుచుకునే ఆ కాంతికి ప్రతి ఇల్లూ చందా కడుతోంది.

మన ఒంటికీ చీకటి కావాలి. నీలికాంతి ఎక్కువగా ఉన్న తెల్లటి వెలుగు నిద్రకు తోడ్పడే మెలటోనిన్‌ను అణచేస్తుంది. వెలుగు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు, అంకె పెరిగేకొద్దీ నీలికాంతి ఎక్కువ. వీధిదీపాలు 3000 కెల్విన్ మించకుండా చూడమని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 2016లోనే సూచించింది. మనం దుకాణంలో ఏరికోరి తెచ్చుకునే పెట్టె మీద 5000 అని ఉంటుంది, పైన ‘డేలైట్’ అని పేరు. అర్ధరాత్రి పగటి వెలుగు ఎందుకో!

దొంగల భయం అనేవారి మాట కొట్టిపారేయలేను. అయితే కళ్లలోకి కొట్టే లైటు పక్కన, నీడలో మనిషి నిలబడినా కనబడడు. కిందికి తిప్పిన లైటు, అలికిడికి వెలిగే సెన్సర్ దొంగను బాగా పట్టిస్తాయి. ఇదేమీ అసాధ్యం కాదు. పశ్చిమ టెక్సస్‌లో చుక్కలను పరిశీలించే మెక్‌డొనాల్డ్ అబ్జర్వేటరీ వాళ్లు నచ్చజెబితే చమురు కంపెనీలు సైతం తమ దీపాలకు కప్పులు వేసి నేలవైపు తిప్పాయి. చమురు బావుల దగ్గర వీలైనది మన పోర్టికోలో వీలుకాదా?

మా కాలనీ హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) బోర్డు పచ్చిక రెండంగుళాలు పెరిగినా, చెత్తడబ్బా రోడ్డుకు కనిపించినా నోటీసు పంపుతుంది. పక్కింటి పడకగదిలోకి దూరే లైటు మీద మాత్రం దానికి ఏ అభ్యంతరమూ లేదు. ఇలాంటి బోర్డుల్లో మనవాళ్లు చాలామందే ఉన్నారు, వారు ఒక నిబంధన రాయించగలరు. గుడి గోపురం మీది ఫ్లడ్‌లైట్లు పవళింపు సేవ అయ్యాక దేవుడికీ అక్కర్లేదు.

పక్షులను కాపాడే ప్రచారం ‘లైట్స్ అవుట్ టెక్సస్’ వాళ్లు వలస కాలంలో రాత్రి 11 నుంచి ఉదయం 6 వరకు అనవసర దీపాలు ఆర్పమంటున్నారు. రాబోయే మన తెలుగు సంఘం సర్వసభ్య సమావేశంలో నేనొక తీర్మానం పెడుతున్నాను: ఏప్రిల్, మే, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మన సంఘ భవనం బయటి దీపాలు ఆ వేళల్లో ఆర్పాలి, దీపావళి రాత్రికి మినహాయింపు. బలపరిచేవారు కావాలి.