నవలకి నియోజకవర్గం ఉండదు

పోయిన ఆదివారం విజయవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్ల ముందు ఒకమ్మాయి ఫోన్ చూసుకుంటూ నిలబడి ఉంది. గుంటూరులో ఇంజనీరింగ్ చదువుతోందట. ఫోన్లో ఒక పట్టిక. ఎడమ వరసలో రాష్ట్రాల పేర్లు, కుడి వరసలో నవలలు. కేరళకి తకళి, పంజాబుకి కుష్వంత్ సింగ్, బీహారుకి రేణు, తమిళనాడుకి ఆర్.కె.నారాయణ్ మాల్గుడి. ఆంధ్రప్రదేశ్ గడి ఖాళీ. చదివే మనిషిలా కనిపించానో ఏమో, నా వైపు తిరిగి "అంకుల్, ఏపీకి ఒక్క నవల చెప్తారా? ఒక్కటే ఉండాలి. ఇంగ్లీషులో కూడా దొరకాలి" అంది.

కొట్టాయన వెంటనే "వేయిపడగలు" అన్నాడు. పక్క కొట్టులోంచి ఇంకొకాయన "మాలపల్లి ఉండగా అదెందుకు" అని అందుకున్నాడు. రెండు నిమిషాల్లో అక్కడ బేరాలు ఆగిపోయాయి. నేను మాత్రం ఒక్క పేరు ఎంచలేదు. ఒక్కటే అని ఎంచకపోవడమే సరైన జవాబని అప్పుడూ అనుకున్నాను, ఇంటికొచ్చాక ఇంకా గట్టిగా అనుకున్నాను.

ఈ "రాష్ట్రానికో నవల" సరదా మీ ఫోన్లకీ వచ్చే ఉంటుంది. ఆగస్టు పదిహేను ముందో, బుక్ ఫెయిర్ రోజుల్లోనో తప్పకుండా వస్తుంది. దేశమంతా ఇరవై ఎనిమిది పుస్తకాల్లో చుట్టేయొచ్చని ఊరిస్తుంది. నా అభ్యంతరం సూటిగా చెప్తాను. ఒక ప్రాంతం తరఫున నవలని నిలబెట్టడమంటే దాన్ని ఎమ్మెల్యేని చేయడమే. ఎమ్మెల్యేకి సరిహద్దు ఉంటుంది, ఓటర్ల జాబితా ఉంటుంది. నవలకి ఉండేదల్లా ఒక ఊరు, ఆ ఊళ్ళో నాలుగిళ్ళు, ఆ ఇళ్ళల్లో కూడా రచయితకి తలుపు తెరుచుకున్న గదులు.

ఆ పట్టికలో బీహారు గడినే తీసుకోండి. ఫణీశ్వరనాథ్ రేణు హిందీ నవల ‘మైలా ఆంచల్’ 1954లో వచ్చింది. రేణు ముందుమాటలోనే అది ‘ఆంచలిక్ ఉపన్యాస్’, అంటే ఒక ప్రాంతపు నవల అన్నాడు, కథాస్థలం పూర్ణియా అని జిల్లా పేరు చెప్పి మరీ మొదలుపెట్టాడు. ఆయన పూచీ పడింది ఒక జిల్లాకి, అందులోనూ ఒక వెనకబడ్డ పల్లెకి. దాన్ని తీసుకెళ్ళి బీహారు మొత్తానికి అంటగట్టింది మనం. భోజ్‌పురి మాట్లాడే ఆరా మనిషికి ఆ పుస్తకంలోని పలుకుబడి, తెనాలి మనిషికి శ్రీకాకుళం పలుకుబడి ఎంత దూరమో అంత దూరం.

మాల్గుడి ఇంకా తమాషా. అసలు పటంలోనే లేని ఊరు. శంకర్ నాగ్ దాన్ని టీవీకి తీసినప్పుడు కర్ణాటకలోని ఆగుంబెలో తీశాడు. లేని ఊరు, పక్క రాష్ట్రంలో షూటింగు, గడి మాత్రం తమిళనాడుది! ఒడిశా వరసలో గోపీనాథ్ మహంతి ‘పరజా’ ఉంది. కొరాపుట్ కొండల్లోని గిరిజనుల కథ. కొరాపుట్ నుంచి ఘాటీ దిగితే వచ్చేది మన సాలూరు. కటక్‌లో కూర్చున్న పాఠకుడి కంటే పార్వతీపురం మన్యంలో ఉన్నవాడికే ఆ అడవి, ఆ షావుకారు, ఆ అప్పు బాగా తెలుసు. పట్టిక వేసినవాడికి ఇదంతా పట్టదు. గడి నిండితే చాలు.

ఇక మన ఇంటి సంగతి. ఒక్కటే ఎంచమంటే మనవాళ్ళు ఏం చేశారో చరిత్రలో ఉంది. 1934 ప్రాంతంలో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు నవలల పోటీ పెడితే, బహుమతిని చివరికి విశ్వనాథ ‘వేయిపడగలు’కీ అడివి బాపిరాజు ‘నారాయణరావు’కీ పంచాల్సి వచ్చింది. ప్రాంతాల గొడవ లేని ఉత్త నవలల పోటీ అది. పండితులు కూర్చుంటేనే తెగనిది ఫోన్లో తిరిగే పట్టికలో తెగుతుందా?

రాష్ట్రం దాకా ఎందుకు, పాత గుంటూరు జిల్లాకి ఒక్క నవల చెప్పండి చూద్దాం. తెనాలిలో కాలువ గట్టెక్కితే కనుచూపు మేర వరి. మాచర్ల వైపు పోతే నాపరాయి, మెట్ట. 1967లో సాగర్ నీళ్ళు వదిలేదాకా అక్కడ రైతుకి మొగులే దిక్కు. 2022లో ప్రభుత్వమే ఈ జిల్లాని గుంటూరు, పల్నాడు, బాపట్ల అని విడగొట్టింది. కొడవటిగంటి కుటుంబరావు ‘చదువు’ తెల్లబట్టల ఇళ్ళలో తిరుగుతుంది. వాసిరెడ్డి సీతాదేవి ‘మట్టిమనిషి’లో సాంబయ్య మన్ను తప్ప ఇంకేమీ ఎరగడు, కోడలు వరూధినికి ఆ మన్నంటేనే గిట్టదు. ఉన్నవ లక్ష్మీనారాయణ రాయవేలూరు జైల్లో కూర్చుని రాసిన ‘మాలపల్లి’ ఆ పొలాల్లో కూలికి వెళ్ళేవాళ్ళ గుడిసెల్లోంచి మొదలవుతుంది. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది కూడా. ముగ్గురూ ఈ జిల్లా మనుషులే. మూడు పుస్తకాలూ పక్కపక్కన పెడితే ఒకదాంట్లో మనుషులు ఇంకోదాంట్లో గడప తొక్కి లోపలికి రాలేరు. వీటిలో ఏది గుంటూరు?

నన్నడిగితే, ప్రాంతాన్ని బట్టే నవలలు ఏరాలని అంత పట్టుదల ఉంటే, రాజకీయ పటం అవతల పెట్టి నీటిపారుదల శాఖ పటం తెచ్చుకోండి. నవ్వకండి, నిజంగానే అంటున్నాను.

1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట పడింది. కాలువ వచ్చింది. కాలువ వెనకాల వరి వచ్చింది. వరి డబ్బుతో కొడుకుల్ని బందరు నోబుల్ కాలేజీకో, గుంటూరు ఏసీ కాలేజీకో పంపారు. చదువుకున్న కొడుకులు ప్రెస్సులు పెట్టారు, పత్రికలు పెట్టారు, నాటకాలాడారు, తర్వాత మద్రాసు పోయి సినిమాలు తీశారు. బెజవాడ ఏలూరు రోడ్డు పొడుగునా పుస్తకాల కంపెనీలు లేచాయి. వాళ్ళిళ్ళల్లో మాట్లాడుకునేదే మెల్లగా "మామూలు తెలుగు" అయి కూర్చుంది. తక్కినవన్నీ యాసలయ్యాయి. కడప మనిషి కడప మాటలో రాస్తే మాండలిక నవల అంటాం. మా కంకిపాడు మనిషి కంకిపాడు మాటలో రాస్తే తెలుగు నవల అంటాం. బెజవాడలో పుట్టి పెరిగినవాణ్ణి గనక ఈ మాట ఒప్పుకోవడం నాకే ఇబ్బంది. కానీ తెలుగు నేల తరఫున జాబితాలకెక్కుతున్నది చాలావరకు ఆయకట్టు సాహిత్యమే. ఆనకట్ట కింద ఉన్నవాళ్ళు పైనున్నవాళ్ళ తరఫున కూడా మాట్లాడేశారు.

ఈ లెక్కలో చదివితే పుస్తకాలు వేరే వరసలో నిలబడతాయి. జి. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ 2000లో వచ్చింది. అందులో కరువుకి ఊరొదిలి బకింగ్‌హాం కాలువ తవ్వకం దగ్గరికి కూలికి పోయిన మాలమాదిగల్ని సాటి కూలీలే దగ్గరికి రానివ్వరు. ఆకలి అందరిదీ ఒకటే, మట్టి తట్ట ఒకటే, అయినా వీళ్ళు ముట్టుకున్న కాలువలో నీళ్ళు పారకూడదు. కాలువ వల్ల వచ్చిన సిరిసంపదల కథ మనకి లైబ్రరీల నిండా ఉంది. కాలువ తవ్వినవాళ్ళ కథ రావడానికి ఎన్నేళ్ళు పట్టిందో చూడండి. రాష్ట్రాల పట్టికలో ఈ రెండు రకాల పుస్తకాలూ ఒకే గడి కోసం కొట్టుకు చావాలి. నా పటంలో వీటిని పక్కపక్కనే చదవక తప్పదు, ఎందుకంటే రెండూ కాలువ కథలే, చూసే గట్టే వేరు.

నీళ్ళు రాని నేల సంగతి వేరు. బండి నారాయణస్వామి ‘శప్తభూమి’కి 2019లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చాక గానీ అనంతపురం చరిత్ర వైపు చాలామంది కోస్తావాళ్ళు తల తిప్పలేదు. నేనూ అందులో ఒకణ్ణి. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ని మనం మనోవిశ్లేషణ అని పాఠం చెప్పుకుంటాం గానీ, దయానిధి కోస్తా వదిలి వజ్రకరూరు వెళ్ళి అక్కడ వజ్రంతో ధనవంతుడవుతాడన్న సంగతి ఎవరూ పట్టించుకోరు. సీమలో అడుగుపెట్టిన కోస్తావాడికి వజ్రమే దొరకాలి మరి! చంద్రలత ‘రేగడి విత్తులు’లో కోస్తా రైతులు తెలంగాణ రేగడికి వలసపోతారు. ఆ నవలని ఏ రాష్ట్రం గడిలో రాస్తారు? కేశవరెడ్డి డాక్టరుగారు నిజామాబాద్ పక్కన డిచ్‌పల్లిలో కుష్టు రోగులకి వైద్యం చేస్తూ, రాసింది చాలావరకు చిత్తూరు గురించే రాశారు. ఆయన్ని ఎటు వేస్తారు?

వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ 1955 నాటిది. తెలంగాణకి పట్టికలో సొంత గడి వచ్చింది 2014లో. దాదాపు అరవై ఏళ్ళపాటు ఆ పుస్తకం వేరేవాళ్ళ గడి ముందు వరసలో నిలబడింది. ఆ అరవై ఏళ్ళలో అందులో ఒక్క అక్షరం మారలేదు.

అవతలివాళ్ళ మాట కూడా వినాలి. ఏదో ఒకటి ఎంచకపోతే అస్సాంలో పిల్లకి తెలుగువాడు ఉన్నాడనే తెలియదంటారు. అది నిజమే. నేషనల్ బుక్ ట్రస్ట్ ఆదాన్ ప్రదాన్ పేరుతో ఒక భాష పుస్తకాల్ని ఎంచి మిగతా భాషల్లోకి తేబట్టే మనం ఎన్నో కన్నడ, ఒరియా నవలలు తెలుగులో చదివాం. ఎంపికంటూ లేకుండా అనువాదం లేదు. కాకపోతే అక్కడ ఎంచింది భాషకి చాలా పుస్తకాలు. ఇక్కడ అడుగుతున్నది ఒక్కటి. అదీ ఇంగ్లీషులో దొరికేదే కావాలట. అంటే ఎంచేది పాఠకుడూ కాదు, ప్రాంతమూ కాదు, ఎప్పుడో ఎవరో అనువాదకుడు తీరిక చేసుకున్న పుస్తకం. సాహిత్య అకాడమీ కూడా 24 భాషలకి అవార్డులిస్తుందే తప్ప రాష్ట్రాలకి ఇవ్వదు. ఆపాటి ఇంగితం వాళ్ళకుంది.

అసలు నాకు కడుపుమండే విషయం ఇంకొకటి ఉంది. ఒక్క పుస్తకం చెప్పమని ఆ పిల్ల ఎందుకడిగింది? ఒకటికి మించి చేతికందే చోటు తనకి లేదు గనక. కొనాలంటే డబ్బు, అందుకని ఒక్కటే. అదే నడిచి వెళ్ళేంత దూరంలో నాలుగు బీరువాల లైబ్రరీ ఉండి ఉంటే ఈ ప్రశ్నే పుట్టేది కాదు. తను ఆ అరల ముందు నిలబడి అరగంట తిరగేసి తనకి నచ్చింది పట్టుకెళ్ళేది.

ఈ మాట బెజవాడలో కూర్చుని అనాల్సి రావడం సిగ్గుచేటు. రామమోహన గ్రంథాలయం 1911 నాటిది. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914లో పుట్టింది ఈ ఊళ్ళోనే. అయ్యంకి వెంకట రమణయ్యగారు జీవితమంతా దానికే పెట్టారు. 1935లో పాతూరి నాగభూషణంగారు ఇంకో అడుగు ముందుకేసి, కృష్ణా కాలువల్లో తిరిగే పడవల్లో పుస్తకాలు పెట్టించారు. పడవ ప్రయాణమంటే గంటలు గంటలు. ఎక్కినవాడు దిగేలోగా చదువుకోవాలని. ఆ వరి కాలువే, చూడండి, పుస్తకాన్నీ మోసింది. పడవలో పుస్తకం అందుకున్న లంక రైతు ఇది ఏ ప్రాంతానికి ప్రతినిధి అని అడిగి ఉండడు.

ఇప్పుడు మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి. రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. మున్సిపాలిటీలు, పంచాయతీలు వసూలు చేసి, గ్రంథాలయ సంస్థలకి జమచేయకుండా బకాయి పెడుతున్నాయని ఏటా వార్తలు చదువుతూనే ఉన్నాం. మా పేటలో శాఖా గ్రంథాలయం ఉంది. ఉద్యోగ పరీక్షల గైడ్లు, నాలుగు దినపత్రికలు, తిరగని ఒక ఫ్యాను. నవలల బీరువాకి తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందంటే, పోయినాయన రిటైరయ్యాడంటారు. ప్రాంతానికో నవల ఎంచే తీరిక ఉన్నవాళ్ళు ముందు ఆ తాళంచెవి వెతికితే బాగుండును.

ఆ రోజు ఆ అమ్మాయికి చివరికి ఆరు పేర్లు చెప్పాను. "ఒక్క గడిలో ఆరు పట్టవు కదంకుల్" అంది. "పెద్దది చెయ్యమ్మా, నీ ఫోనే కదా" అన్నాను. నవ్వి, రాసుకుంది. కొట్టాయన ఈలోపు లోపల్నించి పాత ‘మాలపల్లి’ ఒకటి దుమ్ము దులిపి తెచ్చాడు. అట్ట ఊడిపోయింది. మొదటి పేజీ మీద ఒక శాఖా గ్రంథాలయం ముద్ర, వంకాయరంగు సిరా, ఊరి పేరు సగం చెరిగింది. వెనక అట్టకి అంటించిన తేదీల కాగితం మీద మొదట్లో వారానికొకటి పడ్డ ముద్రలు కిందికొచ్చేసరికి ఆర్నెల్లకొకటి అయి, 1994 దగ్గర ఆగిపోయాయి.

నూటయాభైకి ఇస్తానన్నాడు. ఆ పిల్ల డబ్బులు తీస్తుంటే, "ముద్ర ఉన్న పేజీ చింపేయమంటావా అమ్మా, ఎవరన్నా అడిగితే బాగోదు" అన్నాడు.

"వద్దండీ, ఉండనివ్వండి" అంది.