పింగాణీ పొర మీదా చూపు పడాలి

సముద్రానికి దగ్గరగా ఉండే విశాఖ వీధులవాళ్లకి ఆ చప్పుడు అలవాటే. మంచు పట్టిన తెల్లవారుజామున కరెంటు స్తంభం మీద, తీగలోని కరెంటు స్తంభంలోకి దిగకుండా ఆపే పింగాణీల దగ్గర సన్నగా చిటపటలు వినిపిస్తాయి. గాలి మోసుకొచ్చిన ఉప్పు వాటికి అంటుకుని, తేమ తగలగానే కరెంటుకు దారి ఇస్తుంది. పింగాణీ పగలనక్కర్లేదు, ఆ ఉప్పు పొర చాలు లైన్ ట్రిప్ అవడానికి.

సూపర్‌కండక్టింగ్ అయస్కాంతాలకూ, అంటే బాగా చల్లబరిస్తే అడ్డు లేకుండా కరెంటు పారే తీగతో చుట్టినవాటికీ, ఇదే బాధ. అందరూ తీగ గురించే మాట్లాడతారు, తీగకీ తీగకీ మధ్య కరెంటును ఆపే పొర (ఇన్సులేషన్) గురించి ఎవరూ అడగరు. ఎంఆర్ఐ మిషన్లలో వాడే నియోబియం-టైటానియం తీగకు ప్లాస్టిక్ జాతి పూత సరిపోతుంది. అది మైనస్ 269 డిగ్రీల చల్లదనాన్ని తట్టుకుంటే చాలు. ఇంకా బలమైన అయస్కాంతం కావాలంటే నియోబియం-టిన్ వాడాలి. యూరప్‌లోని సెర్న్ పరిశోధన కేంద్రంలో కణాలను ఢీకొట్టించే కొలైడర్ స్థాయి పెంచడానికి చేస్తున్న కొత్త అయస్కాంతాల్లో, మన దేశమూ భాగస్వామిగా ఉన్న పరమాణు కేంద్రకాలను కలిపి శక్తి పుట్టించడానికి కడుతున్న ఇటర్ ఫ్యూజన్ రియాక్టర్ ప్రధాన కాయిళ్లలో ఉన్నది ఈ తీగే.

దీన్ని సుమారు 650 డిగ్రీల దగ్గర రోజుల తరబడి కాల్చాలి. కాలిన తర్వాత వేగిన అప్పడంలా పెళుసు. అందుకే చాలాచోట్ల ముందు కాయిల్ చుట్టేసి, తర్వాత కాలుస్తారు. ఆ వేడికి తీగల మీది మామూలు ఎనామెల్ పూత మిగలదు. గ్లాసు పోగులతో అల్లిన తొడుగు నిలుస్తుంది గానీ, అందులోనూ ఒక చిక్కుంది. పడుగుకి గంజి పెట్టినట్టు, పోగు తెగకుండా దానికో పూత రాస్తారు. కొలిమిలో ఆ పూత మాడి బొగ్గవుతుంది. బొగ్గులోంచి కరెంటు పారుతుంది. ఆపాల్సిన పొరే దారి ఇచ్చేస్తుందన్నమాట! కాబట్టి ఆ పూతను ముందే వదిలించాలి. సిరామిక్ బైండర్ పనికొచ్చేదీ ఇక్కడే. ద్రవంగా పట్టించి వేడి చేస్తే గట్టిపడి, కాయిల్‌ను కదలకుండా పట్టుకుంటుంది. మిగిలిన సందుల్లోకి వాక్యూమ్‌లో ఎపాక్సీ అనే జిగురు ఎక్కిస్తారు. అంత చల్లదనంలో చిన్న పగులు నుంచి పుట్టే వేడి కూడా తీగ సూపర్‌కండక్టివిటీని పోగొట్టగలదు.

ఇదంతా విశాఖకెందుకు అంటారేమో. ఒడిశాలోని దామంజోడిలో బాక్సైట్ నుంచి తీసే అల్యూమినా పొడి రైళ్లలో మన పోర్టుకే వచ్చి ఓడలెక్కుతోంది. సిరామిక్స్‌కి అది మూల సరుకు, ఇన్సులేషన్‌కి ఇంకా శుద్ధి చేయాల్సి ఉన్నా సరే. అతి చల్లని ద్రవాలు నిల్వచేసే క్రయోజెనిక్ ట్యాంకులు చేసిన అనుభవం బీహెచ్‌పీవీ (ఇప్పుడు బీహెచ్ఈఎల్‌లో భాగం) కార్మికులది. అచ్యుతాపురంలో అణు పరిశోధన సంస్థ బార్క్, పెదగంట్యాడలో వైద్య పరికరాలు తయారయ్యే మెడ్‌టెక్ జోన్, ఊళ్లో ఆంధ్ర విశ్వవిద్యాలయం. ఇన్ని ఒక్కచోట ఉన్న ఊళ్లు దేశంలో ఎన్నో లేవు. ఈ ఇన్సులేషన్ పొర కోసం ఇవి ఒక బల్ల దగ్గర కూర్చోవాలని మేం గట్టిగా కోరుతున్నాం.

రేపే అయస్కాంతం చేయమని కాదు. అరచేతిలో పట్టే నమూనాలతో మొదలుపెట్టొచ్చు. కాల్చడం, ద్రవ నైట్రోజన్‌లో ముంచడం, ఒత్తిడి పెట్టి కరెంటు ఎక్కడ లీకవుతోందో కొలవడం. ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న ఊళ్లో ద్రవ నైట్రోజన్‌కు కరువుండకూడదు. ఈ విద్యా సంవత్సరంలోనే ఇద్దరు ముగ్గురు ఎంటెక్ విద్యార్థులకు ఈ పని అప్పగించమని విశ్వవిద్యాలయాన్ని అడుగుతున్నాం. నమూనా ఫర్నేస్‌లోంచి తెల్లగా వచ్చిందా, బొగ్గు పట్టి నల్లగా వచ్చిందా అన్నది తలుపు తీసిన రోజే కళ్లకు కనపడుతుంది.