సవరణ: సేబన్ లెక్క తప్పు రాశాను

అమెరికా కాలేజ్ ఫుట్‌బాల్‌లో అలబామా యూనివర్సిటీ టీమ్ కోచ్ కేలెన్ డిబోర్ మొదటి సీజన్ గురించి మొన్న రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి, సారీ. అతనికి ముందు కోచ్‌గా ఉన్న నిక్ సేబన్ అలబామాకి 7 నేషనల్ టైటిల్స్ తెచ్చాడన్నాను, కాదు, 6 మాత్రమే, ఇంకోటి 2003లో ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ)లో ఉన్నప్పుడు కొట్టింది.

రెండోదే అసలు తప్పు. సేబన్ వచ్చిన ఏడాదే దున్నేశాడని ఊపులో రాసేశా, కానీ 2007లో గ్రౌండ్ మీద వాళ్ల రికార్డు 7-6 (7 గెలుపులు, 6 ఓటములు), పైగా సొంతూళ్లో లూసియానా-మన్రో అనే చిన్న టీమ్ చేతిలో 21-14తో ఓడారు, నేనేమో అది మర్చిపోయి 2024లో డిబోర్ 9-4 చేస్తే "సేబన్ అయితేనా" అని ఒకటే ఏడుపు!

అలాగని అదే 2024లో వాండర్‌బిల్ట్ చేతిలో 40-35 ఓటమిని మాఫీ చేసేశానని కాదు, అప్పుడు మనది నంబర్ వన్ టీమ్ మరి. సేబన్‌కి దొరికింది చితికిపోయిన టీమ్, డిబోర్‌కి దొరికింది అంతకుముందు సీజన్లోనే ప్లేఆఫ్ (నేషనల్ టైటిల్ కోసం ఆడే నాకౌట్) సెమీస్ ఆడిన టీమ్, అందుకే 12 టీమ్‌ల ప్లేఆఫ్‌లో కూడా చోటు దక్కలేదన్న నా కంప్లైంట్ మాత్రం అలాగే ఉంచుతున్నా. డిబోర్‌ని "పీకేయాలి" అన్న మాట ఒక్కటే తీసేశా.