కుమ్మరి కొడుకు కోసం మూతపడిన క్లబ్బు

నగేంద్ర ప్రసాద్ సర్వాధికారి గురించి రాసేవాళ్లందరూ 1877 నాటి ఆ ఉదయంతోనే మొదలుపెడతారు. తల్లితో కలిసి గుర్రపు బండిలో గంగాస్నానానికి వెళుతున్న ఎనిమిదేళ్ల పిల్లవాడు కలకత్తా మైదానంలో తెల్ల సిపాయిల ఆట చూసి బండి దిగాడని, తనవైపు దొర్లుకొచ్చిన బంతిని కాలితో తన్ని వెనక్కి పంపాడని, ఈ దేశంలో ఒక భారతీయుడు ఫుట్‌బాల్‌ను తన్నడం అదే మొదటిసారని చెబుతారు. వినడానికి ముచ్చటగానే ఉంటుంది. అంతకుముందు ఏ గుర్రాల కాపరీ, నీళ్లు మోసే ఏ కుర్రాడూ ఆ సిపాయిలకు బంతి తన్ని అందించలేదని ఎవరు చూడవచ్చారో మాత్రం నాకు తెలియదు. వాళ్ల పేర్లు రాసిపెట్టుకునేవాళ్లు లేరు, అంతే. సర్వాధికారి తండ్రి సూర్య కుమార్ పేరుమోసిన వైద్యుడు కాబట్టి ఆ ఇంటి పిల్లవాడి సంగతులు నిలిచాయి.

ఆ తర్వాతి కథ నాకు ఇంకా ఇష్టం. హేర్ స్కూల్లో చదువుతున్న రోజుల్లో తోటి పిల్లలతో చందాలు వేసుకుని తెల్లవాళ్ల దుకాణానికి వెళ్లి ఫుట్‌బాల్ అనుకుని కొన్నది తీరా చూస్తే రగ్బీ బంతి. కోలగా ఉన్న ఆ బంతితోనే వాళ్లు తంటాలు పడుతుంటే ప్రెసిడెన్సీ కాలేజీ ఆచార్యుడు స్టాక్ దొర చూసి, అసలైన ఆట ఏమిటో చెప్పి దారిలో పెట్టాడట. నవ్వుకోవడానికేమీ లేదు, అప్పటి కలకత్తాలో తెల్లవాళ్లూ రెండు ఆటలూ ఆడేవాళ్లు. 1872లో పెట్టిన కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్బు ఆడినదే రగ్బీ. ఆ క్లబ్బు మూతపడినప్పుడు ఖాతాలో మిగిలిన వెండి రూపాయలను కరిగించి చేయించిన కప్పు కోసమే ఇంగ్లండ్, స్కాట్లండ్ జట్లు నేటికీ తలపడుతున్నాయి.

ఇంతవరకు చెప్పి ఆయనను ‘భారత ఫుట్‌బాల్ పితామహుడు’ అని ఒక దండ వేసి ముగిస్తారు. నా ఫిర్యాదు అక్కడే. ఆయన చేసిన అసలు పని ఆ తర్వాత ఉంది. మైదానంలో ఆడటం కన్నా, ఆడటానికి చోటు, జట్టు, క్లబ్బు, పోటీ అన్నవి లేనిచోట వాటిని ఒక్కొక్కటిగా నిలబెట్టడం వేరే రకం కష్టం. చందా వసూలు చేయాలి, బంతి కొనాలి, అలిగినవాడిని బుజ్జగించాలి, ఎవరిని చేర్చుకోవాలన్న దగ్గర గొడవలు తీర్చాలి. సర్వాధికారి కుర్రతనంలోనే బాయ్స్ క్లబ్ మొదలుకుని వరసగా క్లబ్బులు పెట్టుకుంటూ పోయాడు. బెంగాలీలు ఒంట్లో సత్తువ లేని గుమస్తా జాతి అని తెల్లదొరలు ఎగతాళి చేస్తున్న రోజులవి.

ఆ క్లబ్బుల్లో వెల్లింగ్టన్ క్లబ్ ఒకటి. మణి దాస్ అనే కుర్రవాడిని అందులో చేర్చుకోవాలని సర్వాధికారి అనుకున్నాడు. మణి దాస్ కుమ్మరి కొడుకు. అగ్రకులాల సభ్యులు ససేమిరా అన్నారు. ఇలాంటి చోట సాధారణంగా ఏం జరుగుతుందో మనకు తెలుసు: ‘ఇప్పుడే ఎందుకు, కొన్నాళ్లు ఆగుదాం, అందరినీ కలుపుకుని పోవాలి కదా’ అని పెద్దమనుషులు సర్దిచెబుతారు, ఆ కుర్రవాడు బయటే ఉండిపోతాడు. సర్వాధికారి సర్దిచెప్పలేదు. తన చేతులతో కట్టిన క్లబ్బును తానే రద్దు చేసి, శోభాబజార్ క్లబ్ పెట్టి, మణి దాస్‌ను అందులో సభ్యుడిగా చేర్చుకున్నాడు. శోభాబజార్ రాజవంశానికి అల్లుడు కనుక, వెనక డబ్బూ పలుకుబడీ ఉన్నాయి కనుక చేయగలిగాడని అనేవాళ్లు ఉంటారు, కాదనను. కానీ డబ్బూ పలుకుబడీ ఉన్నవాళ్లు ఆనాటి కలకత్తాలో కొల్లలుగా ఉండగా, ఒక కుమ్మరి కుర్రవాడి కోసం క్లబ్బుకు తాళం వేసినవాడు మరొకడు ఎవరో చూపిస్తే సంతోషిస్తాను.

ఆ శోభాబజార్ క్లబ్బే 1892లో ట్రేడ్స్ కప్ అనే ఫుట్‌బాల్ పోటీలో బ్రిటిష్ సైన్యపు ఈస్ట్ సర్రే రెజిమెంట్ జట్టును 2-1తో ఓడించింది. మరుసటి ఏడాది ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పాటులోనూ సర్వాధికారి పాలుపంచుకున్నాడు. 1911లో కలకత్తా క్లబ్బు మోహన్ బగాన్ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను ఓడించి గెలిచిన షీల్డ్ ఆ అసోసియేషన్‌దే. ఆ రోజు పదకొండు మందిలో పదిమంది బూట్లు లేకుండా ఆడారన్నది అందరూ చెప్పుకుంటారు. వాళ్లు కాలు పెట్టిన పోటీ ఎలా వచ్చిందన్నది ఎవరూ చెప్పరు. మన హైదరాబాద్ నుంచి వెళ్లిన మహమ్మద్ హబీబ్ ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడి అంత పేరు తెచ్చుకున్నదీ ఆ కలకత్తా మైదానంలోనే.

సర్వాధికారి 1940లో పోయాడు. 2021లో ఆయన మీద బెంగాలీలో సినిమా వచ్చాక ఇటువైపు కూడా కొందరు ఆ పేరు తలుచుకున్నారు. నాకు మాత్రం మణి దాస్ సంగతి మొదటిసారి చదివినప్పుడు మా ఊరి వాలీబాల్ జట్టు గుర్తుకొచ్చి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా జట్టులో స్మాష్ కొట్టేవాడు ఒక్కడే, చెరువు అవతలి పేట నుంచి వచ్చేవాడు. మండల పోటీల్లో షీల్డ్ గెలిచిన సాయంత్రం ఊరి పెద్ద ఒకాయన తన ఇంటి అరుగు మీద ఫొటో తీయిస్తానన్నాడు. అరుగు ఎక్కేటప్పుడు అతను గేటు దగ్గరే ఆగిపోయాడు. ఎవరూ రమ్మనలేదు, నేనూ రమ్మనలేదు. ఆ ఫొటో ఇప్పటికీ మా ఇంట్లో అమ్మ బీరువా పక్కన గోడకు వేలాడుతోంది. జట్టుకు ఆరుగురు, ఫొటోలో ఐదుగురమే ఉన్నాం.