గోడ దాటిన ఓటు

2006లో నెదర్లాండ్స్‌లో ఓటింగ్ యంత్రాలను నమ్మని కొందరు పౌరులు నెడాప్ కంపెనీ యంత్రానికి కాస్త ఎడంగా రేడియో రిసీవర్ పెట్టుకుని కూర్చున్నారు. క్రిస్టియన్ డెమొక్రాట్ల పార్టీ పేరులోని ‘అపెల్’ అనే మాటలో ఒక అక్షరం నెత్తిన చిన్న గీత ఉంటుంది. ఆ గీత కోసం తెర తనను తాను తాజా చేసుకునే వేగం మార్చుకునేది. దాంతో యంత్రం వెదజల్లే రేడియో తరంగాలు మారి, రిసీవర్‌లో మోత మారేది. ఆ పార్టీకి ఎవరు ఓటేశారో చెప్పడానికి ఆ మోత చాలు. ఎస్‌డీయూ కంపెనీ యంత్రం తెరనైతే పదుల మీటర్ల దూరం నుంచే చదవవచ్చని డచ్ నిఘా సంస్థ పరీక్షలో తేలడంతో, ఎన్నికలకు నెల కూడా లేని సమయంలో ఆ యంత్రాలను పక్కన పెట్టారు.

ఈ ప్రమాదం అప్పటికి కొత్తదేమీ కాదు. 1943లోనే బెల్ ప్రయోగశాల ఇంజనీర్లు న్యూయార్క్‌లోని వారిక్ వీధిలో, సైనిక సంకేత కేంద్రానికి ఎదురుగా 80 అడుగుల దూరంలో ఉన్న భవనంలో కూర్చుని, రహస్య లిపి యంత్రం వెదజల్లే తరంగాలను గంటసేపు నమోదు చేసుకుని, మరి మూడు నాలుగు గంటల్లో అసలు సందేశంలో ముప్పాతిక వంతు రాబట్టారు. సైన్యం నివ్వెరపోయింది, ఆపై విషయాన్ని దాచింది. ఎవరి నుంచి? సోవియట్ల నుంచి మాత్రం కాదు; 1954 నాటికే వాళ్లు టెలిప్రింటర్ల రేడియో తరంగాలపై కఠిన ప్రమాణాలు ప్రకటించారు. చీకట్లో మిగిలింది ప్రజలే. 1985లో డచ్ ఇంజనీరు విమ్ వాన్ ఎక్, మామూలు టీవీ సెట్టుకు కొద్దిపాటి పరికరాలు జోడించి దూరాన ఉన్న కంప్యూటర్ తెరను చూపించే దాకా ఈ ముప్పు బయటి ప్రపంచంలో పెద్దగా చర్చకే రాలేదు.

ఇంత శ్రమ ఎవరు పడతారు, ఒక ఫిషింగ్ (మోసపు) లింకు పంపితే సరిపోదా అనేవారున్నారు. ఇంట్లో లాప్‌టాప్ విషయంలో ఆ మాట సబబే. అయితే ఇంటర్నెట్‌కు తగిలించని యంత్రానికి లింకు ఎలా పంపుతారు? శ్రమ మాటా అంతంతమాత్రమే: 2013లో గెన్‌కిన్, షమీర్, ట్రోమర్ అనే పరిశోధకులు లాప్‌టాప్‌కు 30 సెంటీమీటర్ల దూరంలో మొబైల్ ఫోన్ ఉంచి, లోపలి విద్యుత్ భాగాల సన్నని కీచుధ్వని నుంచే రహస్య సందేశాలను విప్పే 4096 బిట్ల ఆర్‌ఎస్‌ఏ కీని రాబట్టారు.

ప్రభుత్వాలు దాచేది ముప్పునే కాదు, మందును కూడా. ఒక యంత్రం నుంచి ఎంత మేరకు తరంగం బయటికి రావచ్చో చెప్పే నాటో టెంపెస్ట్ పరిమితులు నేటికీ రహస్య పత్రాలే. రక్షణ శాఖ కంప్యూటర్‌కు అక్కరకొచ్చిన కొలబద్ద ఓటరు నొక్కే మీటకు పనికిరాదా? డచ్ వాళ్లు 2008లో మళ్లీ కాగితానికి, ఎర్ర పెన్సిల్‌కు మళ్లారు. పెన్సిల్ రాతను రేడియోలో వినడం కుదరదు కనుక, కొలబద్ద చేతికి రాని పౌరులకు అది తెలివైన నిర్ణయమే.