పిల్లలు పుట్టేశారు కదా, తీసేద్దాం అట!

ఇప్పుడే హాస్పిటల్ నుంచి వచ్చాం. వదిన లోపల పడుకుంది. నాకు మాత్రం కోపం దిగడం లేదు, అందుకే ఇక్కడ కక్కేస్తున్నా. ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

వదినకు 38 ఏళ్లు. నెలసరిలో బ్లీడింగ్ బాగా ఎక్కువగా ఉంటోంది. హిమోగ్లోబిన్ 8కి పడిపోయింది. స్కానింగ్‌లో గర్భసంచిలో చిన్న ఫైబ్రాయిడ్, అంటే క్యాన్సర్ కాని గడ్డ, కనిపించింది. డాక్టర్ మేడమ్ గారు రిపోర్టు తిరగేసి, వదిన మొహం కూడా చూడకుండా మా అన్నయ్యతో ఏమన్నారో తెలుసా? "పిల్లలిద్దరూ పుట్టేశారు కదండీ, ఇంక గర్భసంచితో పనేముంది? తీసేద్దాం. రేపు క్యాన్సర్ అయితే మీరే బాధపడతారు."

అన్నయ్యను అడగడమేంటి? గర్భసంచి ఉన్నది ఆయనకా? ఆయనేమో తలకాయ ఊపేశాడు, పాపం, క్యాన్సర్ అనగానే ముచ్చెమటలు పట్టాయి. ఫైబ్రాయిడ్ క్యాన్సర్‌గా తేలడం చాలా అరుదు. నాకే తెలిసిన సంగతి ఆవిడకు తెలియదా? తెలుసు. ఆ ఒక్క మాట అంటే చాలు, పుస్తెలు తాకట్టు పెట్టైనా డబ్బు కట్టేస్తారని ఇంకా బాగా తెలుసు.

రక్తం పట్టడానికి ఐరన్ ఎక్కించవచ్చు. బ్లీడింగ్ తగ్గడానికి మాత్రలున్నాయి. గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ వేస్తే చాలామందికి కొన్నేళ్లపాటు హాయిగా ఉంటుంది. బ్లీడింగ్‌కు థైరాయిడ్ కారణమేమో చూడాలి. అనుమానం ఉంటే లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపాలి. అసలు ఇబ్బంది గడ్డతోనే అయితే ఆ గడ్డ ఒక్కటే తీసే ఆపరేషన్ కూడా ఉంది. వీటిలో ఒక్కటైనా ఆ గదిలో వినబడితే ఒట్టు. గురువారం థియేటర్ ఖాళీగా ఉందన్న ముక్క మాత్రం స్పష్టంగా వినబడింది.

పైగా "అండాశయాలు కూడా తీసేస్తే ఒక పని అయిపోతుంది" అట! 38 ఏళ్లకే రెండు అండాశయాలూ తీసేస్తే అప్పటికప్పుడు మెనోపాజ్, నెలసరి శాశ్వతంగా బంద్. ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర ఉండదు, ఎముకలు గుల్లబారతాయి, గుండె జబ్బుల భయం పెరుగుతుంది. ఇవన్నీ ఎవరు పడతారు? తలకాయ ఊపిన అన్నయ్యా?

మా ఊళ్లో పిన్నులూ అత్తలూ కూర్చుంటే గర్భసంచి ఉన్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తెల్లబట్ట అవుతోందని తీయించుకున్నవాళ్లున్నారు, తెల్లబట్టకి! మందులతో పోయేదానికి! ఒకావిడను ఆర్‌ఎంపీ ఆటో ఎక్కించి టౌనుకు తీసుకెళ్లాడు, కమీషన్ జేబులో వేసుకున్నాడు. ఆవిడేమో ఆ తర్వాత నడుం నొప్పితో పొలం పని మానేసింది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. తెలంగాణలో ఎనిమిది మంది, ఆంధ్రలో తొమ్మిది మందికి దగ్గర. రెండు రాష్ట్రాలూ అన్నిటికీ కొట్టుకుంటాయి గానీ ఇందులో మాత్రం భుజం భుజం కలిపి నడుస్తున్నాం. అనవసరంగా గర్భసంచులు తీయకుండా 2022లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది, 2023లో సుప్రీంకోర్టు వాటిని అమలు చేయమని రాష్ట్రాలకు చెప్పింది. వీటిని చూసుకోవడానికి కమిటీలట. మీలో ఎవరైనా ఆ కమిటీని చూశారా? చూస్తే నా నమస్కారాలు చెప్పండి.

సిజేరియన్ల గురించి ఎత్తితే తెల్లారిపోతుంది. అదే సర్వేలో తెలంగాణ ప్రైవేటు హాస్పిటళ్లలో ప్రసవాలు 80 శాతం పైగా కోతలే. అంతా డాక్టర్ల పుణ్యమే అనుకోకండి. మా చుట్టాల్లో ఒకరు పంతులు గారు పెట్టిన ముహూర్తానికి తెల్లవారుజామున కోయించారు. పుట్టేవాడు కలెక్టర్ అవుతాడట. ప్రస్తుతానికి ఫోన్ లాక్కుంటే నేల మీద పడి దొర్లుతున్నాడు.

సరే, నా అసలు మంట వేరే ఉంది, చెప్పేస్తా. ఇంటర్‌లో నెలసరి వస్తే నేను నొప్పితో వాంతులు చేసుకుని బాత్రూంలో కూలబడేదాన్ని. అమ్మ పెద్ద పేరున్న మేడమ్ దగ్గరికి తీసుకెళ్లింది. "అందరికీ ఉండేదేనమ్మా, పెళ్లయితే తగ్గిపోతుంది." పెళ్లయింది. తగ్గలేదు. "ఒక బిడ్డ పుడితే తగ్గుతుంది." బిడ్డ పుట్టింది. ఆ తర్వాత మనవలు పుడితే తగ్గుతుంది అంటారేమోనని ఎదురు చూశా. చివరికి వేరే ఊళ్లో ఒక డాక్టరు పొట్టకు చిన్న రంధ్రం పెట్టి కెమెరాతో చూసే లాపరోస్కోపీ చేసి ఎండోమెట్రియోసిస్ అన్నారు. గర్భసంచి లోపల ఉండాల్సిన పొరలాంటిది బయట పెరగడం. మామూలు స్కానింగ్‌లో చాలాసార్లు దొరకదు, అందుకే రిపోర్టు నార్మల్ అనగానే మనం నాటకాలాడుతున్నట్టు లెక్క. నొప్పి ఉందంటే నమ్మరు, నొప్పి లేని అవయవాన్ని మాత్రం గురువారం తీసేస్తామంటారు!

"డాక్టర్లందరూ అలా ఉండరు" అని కామెంట్ పెట్టడానికి రెడీగా ఉన్న పెద్దమనుషులూ, తెలుసు. రేపు వదినను చూపించబోయేది కూడా డాక్టరుకే, చేతబడి చేసేవాడికి కాదు.

పెళ్లి మందు రాసిన ఆ మేడమ్ గారికి ఇప్పుడు మా టౌను బస్టాండ్ ఎదురుగా పెద్ద హోర్డింగ్ ఉంది. "మహిళల బాధ మాకే తెలుసు" అని రాసి, కింద చిరునవ్వు. ఫోటో తీసి ఇక్కడ పెడదామంటే అమ్మ ఒప్పుకోవడం లేదు. వచ్చే వారం చెకప్‌కి మళ్లీ ఆవిడ దగ్గరికే వెళ్తుందట, చేయి మంచిదట.